జాక్సన్ పెత్తనంపై విగ్‌ల పోరు

అమెరికా అధ్యక్షుడి అధికారం హద్దు మీరుతోందన్న ఆందోళన 1834లో విగ్ పార్టీకి ప్రాణం పోసింది. అందుకు కారణం ఆండ్రూ జాక్సన్ పాలన. ఆయనకు ముందు ఆరుగురు అధ్యక్షులు కలిసి 10 బిల్లులనే తిరస్కరించారు. జాక్సన్ ఒక్కరే 12 బిల్లులను అడ్డుకున్నారు. జాతీయ బ్యాంకు అయిన సెకండ్ బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ చార్టర్ పొడిగింపు బిల్లుపై 1832 జులైలో ప్రయోగించిన వీటో వాటిలో ముఖ్యమైనది.

మరుసటి ఏడాది ప్రభుత్వ నిధులను ఆ బ్యాంకు నుంచి రాష్ట్రాల బ్యాంకులకు మళ్లించాలని జాక్సన్ నిర్ణయించారు. ట్రెజరీ కార్యదర్శి విలియం డ్యూయేన్ ఒప్పుకోలేదు. ఆయన్ను తొలగించి, ఆ స్థానంలో నియమించిన రోజర్ టానీతో ఆ పని చేయించారు. ఖజానాపై నియంత్రణ కాంగ్రెస్‌దేనని సెనేటర్ హెన్రీ క్లే వాదించారు. 1834 మార్చి 28న సెనేట్ 26–20 ఓట్లతో అధ్యక్షుడి చర్యను తప్పుపడుతూ తీర్మానించింది. జాక్సన్ అనుచరులు 1837 జనవరిలో ఆ తీర్మానాన్ని రికార్డుల్లో కొట్టివేయించారు.

రాజరికాన్ని ఎదిరించిన బ్రిటిష్ పక్షం పేరునే విగ్‌లు పెట్టుకున్నారు. కిరీటం ధరించి రాజ్యాంగాన్ని తొక్కుతున్న జాక్సన్ వ్యంగ్యచిత్రం అప్పట్లో ప్రచారంలోకి వచ్చింది. 1840లో విగ్ అభ్యర్థి విలియం హెన్రీ హారిసన్ గెలిచారు. పదవి చేపట్టిన నెలకే ఆయన మరణించారు. వారసుడు జాన్ టైలర్ 1841లో సొంత పార్టీ తెచ్చిన రెండు బ్యాంకు బిల్లులనూ వీటో చేసి పార్టీ నుంచి బహిష్కరణకు గురయ్యారు. బానిసత్వంపై చీలికలతో 1850లలో విగ్ పార్టీ కనుమరుగైంది. అది వ్యతిరేకించిన విస్తృత వీటో అధికారం మాత్రం స్థిరపడిపోయింది.