ఉదయగిరి చెక్క చెంచాలు

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్కతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసే హస్తకళ. దీనికి భౌగోళిక గుర్తింపు ఉంది. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి వంటి కర్రలను వాడతారు. కర్రను రంపంతో ముక్కలుగా కోసి, ఆకారం చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. పిడి మీద చెక్కే సన్నని నగిషీయే ఈ కళకు ప్రాణం. అది చేతి ఓపికతో మాత్రమే వచ్చే పని. కళాకారుల్లో స్త్రీలు ఎక్కువ. నేర్చుకోవడం ప్రధానంగా ఇంట్లోనే, పెద్దల పక్కన కూర్చుని సాగుతుంది. శిక్షణ తరగతులూ జరిగాయి. పోలికకు చూస్తే, అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద తిప్పి, లక్క పూసి బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మలకు వచ్చినంత పేరు ఈ చెంచాలకు రాలేదు, రావలసి ఉంది. ఉదయగిరి వెళ్లేవారు అక్కడి కోట చూసి ఊరుకోకుండా, పని చేసే ఇళ్లకూ వెళ్లి అక్కడే కొనాలి.