అలమారలో పాత రూల్సు

1989లో టీఎస్సార్ అనే అమెరికన్ ఆటల కంపెనీ తన భూతాలను మూడు రింగుల ఫైల్లో పెట్టి అమ్మింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఆటగాళ్ళ మీద పడే రాక్షసులు, డ్రాగన్లు, శవాలు, పురుగూ పుట్రా అన్నీ అందులో విడి కాగితాలుగా ఉండేవి. ప్రతి కాగితం అంచున చిల్లులు. కొన్ని నెలలకు కొత్త భూతాల కట్ట బజారులోకి వస్తుంది. దాన్ని కొనుక్కుని, రింగులు విప్పి, అక్షర క్రమంలో ఎక్కడివక్కడ దూర్చుకోవాలి. ఆ పూట ఆటకు కావలసిన నాలుగు కాగితాలు తీసుకుని, బరువైన ఫైలును ఇంట్లోనే వదిలేసి వెళ్ళొచ్చు.

ఆలోచన మంచిదే, కానీ కాగితానికి రెండు వైపులుంటాయి. ముందు వైపు ఒక భూతం, వెనక వైపు ఇంకో భూతం అచ్చయ్యాయి. అక్షర క్రమంలో ఆ రెంటి మధ్యకు రావలసిన మూడో భూతం తర్వాతి కట్టలో వస్తే దాన్ని ఎక్కడ పెట్టాలి? కాగితాన్ని అడ్డంగా పొరలు విడదీయలేం కదా! రెండు మూడు కట్టలు చేరేసరికి వరస చెడింది. తిప్పగా తిప్పగా చిల్లుల దగ్గర కాగితం చిరిగింది. 1993లో కంపెనీ ఫైలు సంగతి పక్కనబెట్టి, ఆ భూతాల్లో ముఖ్యమైనవాటిని గట్టి అట్ట వేసిన లావుపాటి పుస్తకంగా తెచ్చింది.

ఒకసారి అమ్మేసిన పుస్తకాన్ని కొన్నవాడి ఇంట్లో ఉండగానే మార్చగలగాలన్న కోరిక ఈ ఆట అమ్మేవాళ్ళను మొదటి నుంచీ వదల్లేదు. కాగితం ఆ కోరిక తీర్చలేదు. తర్వాత వచ్చిన కంప్యూటర్ తెర తీర్చింది. అసలు గొడవంతా అక్కడి నుంచే మొదలైంది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. 'స్ట్రేంజర్ థింగ్స్' చూసినవాళ్ళకు మొదటి ఎపిసోడ్‌లో నలుగురు పిల్లలు నేలమాళిగలో బల్ల చుట్టూ కూర్చుని కేకలు పెట్టడం గుర్తుండాలి. అదే ఈ ఆట. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్ళలో ఒకరు యోధుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ. ఎదుట డ్రాగన్ ఉందని మాస్టర్ చెబితే, ఏం చేస్తారో ఆటగాళ్ళు చెబుతారు. కత్తి తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎంత పడితే తగిలినట్టో చెప్పేది రూల్‌బుక్. మన వైకుంఠపాళీకి రూల్సు పుస్తకం అక్కర్లేదు, బల్ల మీద పరిచిన పటమే అన్నీ చెబుతుంది. ఇక్కడ పటం లేకపోయినా నడుస్తుంది. ఆటంతా నోటిమాట, దానికి ఆధారం పుస్తకం.

1974 జనవరిలో ఈ ఆట మొదటిసారి అమ్మకానికి వచ్చింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో ఉండే గ్యారీ గైగాక్స్, పక్క రాష్ట్రం మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్ దీన్ని తయారు చేశారు. గైగాక్స్ తన స్నేహితుడు డాన్ కేతో కలిసి 1973లో టీఎస్సార్ కంపెనీ పెట్టాడు. అచ్చుకు డబ్బు చాలకపోతే బ్రయన్ బ్లూమ్ అనే మూడో మనిషి వచ్చి చేరాడు. వెయ్యి పెట్టెలు వేయించారు. చెక్కలా కనిపించే కాగితం అంటించిన పెట్టె, లోపల మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు.

ఆ పుస్తకాలు చదివి ఎవరికీ ఆట సరిగ్గా బోధపడలేదు. సైనిక బొమ్మలతో యుద్ధాలాడే అలవాటున్నవాళ్ళ కోసం రాసినవి కావడంతో సగం విషయాలు తెలిసినట్టే వదిలేశారు. పైగా సందేహం వస్తే మీకు నచ్చినట్టు మీరే తేల్చుకోండని చివర్లో రాశారు. జనం ఆ మాటను నిజంగానే పాటించారు. పెట్టె దొరకని కాలేజీ కుర్రాళ్ళు జెరాక్సు తీసుకుని, మార్జిన్లో సొంత రూల్సు రాసుకుని ఆడారు. రెండు ఊళ్ళలో ఆట రెండు రకాలుగా నడిచింది. నా దృష్టిలో ఆ మార్జిన్ రాతలే ఈ ఆటకు మొదటి కొత్త ఎడిషన్. దానికి కంపెనీ అనుమతి ఎవరూ అడగలేదు.

ఈ గందరగోళాన్ని సర్దడానికి 1977 నుంచి 1979 వరకు 'అడ్వాన్స్‌డ్' పేరుతో మూడు గట్టి అట్టల పుస్తకాలు వచ్చాయి. పోటీలు పెడితే అందరికీ ఒకే రూల్సు ఉండాలన్నది పైకి కనిపించే కారణం. లెక్కల పుస్తకంలో ఇంకో కారణం ఉంది. ఇది వేరే ఆట అని, అందుకే ఆర్నెసన్‌కు రాయల్టీ ఇవ్వనక్కర్లేదని కంపెనీ వాదించింది. ఆయన 1979లో కోర్టుకెక్కాడు. 1981లో రాజీ కుదిరింది. అక్కడి నుంచి ప్రతి ఎడిషన్ వెనకా ఇలాగే రెండు కారణాలుంటాయి, ఒకటి ఆట బల్ల మీదిది, ఇంకోటి జమాఖర్చులది. రెండోది ఉన్నంత మాత్రాన మొదటిది అబద్ధమైపోదు.

ఎందుకంటే ఈ ఆట అమ్మేవాడికి ఒక తిప్పలుంది. ఒక్క పుస్తకం కొంటే ఆరుగురు పదేళ్ళు ఆడుకోవచ్చు. రూల్సు పుస్తకం పంచాంగం లాంటిది కాదు, ఉగాది దాటగానే పనికిరాకుండా పోదు. కంపెనీకి పెద్ద పోటీదారు తాను నిరుడు అమ్మిన పుస్తకమే.

1989 నాటి రెండో ఎడిషన్ సంగతే చూడండి. అప్పటికే గైగాక్స్‌ను కంపెనీ నుంచి సాగనంపారు. ఈ ఆట పిల్లలకు సైతానును పూజించడం నేర్పుతోందని అమెరికాలో కొన్ని చర్చిలు, తల్లిదండ్రుల సంఘాలు ఎనభైలంతా గోల చేశాయి. కొత్త ఎడిషన్‌లో డీమన్లు, డెవిల్స్ మాయమయ్యాయి. 1991లో అవే భూతాలు తనారీ, బాటెజూ అన్న కొత్త పేర్లతో తిరిగొచ్చాయి. పాత పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్ళు మాత్రం పాత పేర్లతోనే పిలుచుకున్నారు. వాళ్ళను ఆపేదెవరు?

1997లో అప్పుల్లో మునిగిన టీఎస్సార్‌ను సియాటిల్ దగ్గరి విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొన్నది. 1999లో ఆ కంపెనీని హాస్‌బ్రో కొన్నది. 2000లో మూడో ఎడిషన్ వచ్చింది. రూల్సు మారితే ఆట బాగుపడుతుందా అని అడిగేవాళ్ళకు ఈ ఎడిషన్‌లో ఒక్క లెక్క చూపిస్తే చాలు. అంతకుముందు కవచం ఎంత గట్టిదైతే దాని అంకె అంత చిన్నదిగా ఉండేది. కొట్టేవాడికి 'థాకో' అని ఇంకో అంకె. యోధుడి థాకో 17, ఎదుటివాడి కవచం 4 అయితే 17లోంచి 4 తీసేసి, పాచిక మీద 13 పడాలని తేల్చుకోవాలి. మంత్రించిన కవచానికి అంకె సున్నా కంటే కిందికి, మైనస్‌లోకి పోయేది. అప్పుడు తీసివేత కాస్తా కూడిక అవుతుంది. అర్ధరాత్రి పూట, డ్రాగన్ నోరు తెరిచిన సమయంలో ఈ లెక్క! మూడో ఎడిషన్ దీన్ని తిరగేసింది. అదే యోధుడికి ఇప్పుడు 3 కలుస్తుంది, ఎదుటి కవచం 16. పాచిక అంకెకు 3 కలిపి 16కు చేరితే దెబ్బ తగిలినట్టే. కావలసింది అదే 13, లెక్క మాత్రం ఒకటో తరగతి పిల్లాడిది. థాకోలోనే అందం ఉందనే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ళతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

ఆ ఏడే ఇంకో పని జరిగింది. ర్యాన్ డాన్సీ అనే ఉద్యోగి చొరవతో ఆట రూల్సు సారాన్ని ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద ఎవరైనా వాడుకునేలా వదిలారు. ఇతర కంపెనీలు దాని మీద పుస్తకాలు వేసుకున్నాయి. 2006లో కొందరు అభిమానులు ఇదే లైసెన్సును అడ్డం పెట్టుకుని, ఎప్పుడో అచ్చు ఆగిపోయిన మొదటి ఎడిషన్ రూల్సును 'ఓస్రిక్' పేరుతో మళ్ళీ రాసి ఉచితంగా పంచారు. 2008లో విజార్డ్స్ నాలుగో ఎడిషన్ తెచ్చి బిగుతు లైసెన్సు పెట్టింది. అంతకుముందు ఆట పత్రికలు నడిపిన పైజో కంపెనీ పాత రూల్సుకే మెరుగులు దిద్ది 2009లో 'పాత్‌ఫైండర్' అనే ఆట తెచ్చింది. నాలుగో ఎడిషన్ నచ్చనివాళ్ళు చాలామంది అటు పోయారు. అలమారలోని పాత పుస్తకం పోటీకి రావడమంటే ఇదే.

తెర పెత్తనం కూడా నాలుగో ఎడిషన్ తోనే మొదలైంది. నెలనెలా చందా కడితే కంప్యూటర్లో పాత్రను తయారుచేసి ఇచ్చే సాధనాలు వచ్చాయి. రూల్సుకు సవరణలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. తెర మీది రూలు వెంటనే మారేది, కొన్న పుస్తకం మాత్రం అచ్చయిన నాటి మాటే చెప్పేది. బల్ల దగ్గర ఒకరు పుస్తకం చూసి ఒకటి చెబితే, ల్యాప్‌టాప్ చూసి మరొకరు ఇంకోటి చెప్పేవారు. 2009 ఏప్రిల్‌లో పైరసీ పేరుతో కంపెనీ తన పీడీఎఫ్ పుస్తకాలన్నిటినీ అమ్మకం నుంచి ఒక్కసారిగా తీసేసింది, ఎనిమిది మంది మీద దావాలు వేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళు మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకునే దారి కూడా మూసుకుపోయింది. దొంగ కాపీ ఉన్నవాడికి ఏ నష్టమూ లేదు. పాత పీడీఎఫ్‌లు మళ్ళీ అమ్మకానికి రావడం 2013లో.

ఆ చందా సాధనాలు సిల్వర్‌లైట్ అనే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి. దానికి కాలం చెల్లుతుండగా 2019 చివర్లో వాటినీ మూసేశారు. 2008లో అచ్చయిన రూల్‌బుక్ అట్ట మాత్రం ఇప్పటికీ తెరుచుకుంటుంది.

అలాగని డిజిటల్ పుస్తకాన్ని తీసిపారేయలేం. 2014లో అయిదో ఎడిషన్ వచ్చినప్పుడు ఆటగాడి పుస్తకం ధర 49.95 డాలర్లు. మన దేశంలో ఆడాలనుకునే కుర్రాడికి ఆ ధరకు పైన తెప్పించుకునే ఖర్చూ ఉంటుంది. అదే ఏడు కంపెనీ మౌలిక రూల్సును పీడీఎఫ్‌గా ఉచితంగా ఇచ్చింది. కంటిచూపు తక్కువైనవాళ్ళు అక్షరం పెద్దది చేసుకుని చదవొచ్చు. 2017లో మొదలైన డీ అండ్ డీ బియాండ్ అనే సేవలో మంత్రం పేరు కొడితే దాని వివరం క్షణంలో వస్తుంది. కొత్తవాళ్ళు పావుగంటలో పాత్రను సిద్ధం చేసుకుంటారు. సౌకర్యం నిజమైనదే. ఆ సౌకర్యం విలువ తెలిసే 2022లో హాస్‌బ్రో ఆ సేవను 14 కోట్ల 63 లక్షల డాలర్లకు కొన్నది.

2023 జనవరిలో ఓపెన్ గేమ్ లైసెన్సును మార్చబోతున్నారని ముసాయిదా బయటికి పొక్కింది. పాత లైసెన్సు చెల్లదనే మాట అందులో ఉంది. ఆటగాళ్ళు చాలామంది డీ అండ్ డీ బియాండ్ చందాలు రద్దు చేసుకున్నారు. నెల తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గి, అయిదో ఎడిషన్ రూల్సు సారాన్ని క్రియేటివ్ కామన్స్ కింద పెట్టింది. ఇచ్చాక వెనక్కి తీసుకునే వీల్లేని లైసెన్సు అది.

మరుసటి ఏడు అదే అయిదో ఎడిషన్‌ను సవరించి కొత్త పుస్తకాలు వేశారు. ఆగస్టులో, కొత్త ఆటగాడి పుస్తకం రావడానికి కొద్ది వారాల ముందు, డీ అండ్ డీ బియాండ్ ఒక ప్రకటన చేసింది. ఆటగాళ్ళ పాత్రల వివరాలుండే క్యారెక్టర్ షీట్లలోని 2014 నాటి మంత్రాల స్థానంలో, మాయా వస్తువుల స్థానంలో 2024 రూపాలు వచ్చి కూర్చుంటాయట. పాతవి కావాలంటే చేత్తో ఒక్కొక్కటీ సొంతంగా ఎక్కించుకోవాలట. పాత పుస్తకాన్ని అక్కడే డబ్బిచ్చి కొన్నవాళ్ళకు కూడా ఇంతే. ఏళ్ళ తరబడి నడుస్తున్న కథ మధ్యలో మంత్రగాడి మంత్రం పనితీరు వాడిని అడగకుండా మారిపోతుందన్నమాట. ఆర్నెసన్ దావా రోజుల్లో గానీ, డీమన్లను తీసేసిన రోజుల్లో గానీ ఏ ప్రచురణకర్తకూ ఈ శక్తి లేదు. ఇంట్లోకి వచ్చి అలమార తెరిచే హక్కు వాళ్ళకెవరిచ్చారు?

కొద్ది రోజుల్లోనే ఆ నిర్ణయమూ వెనక్కి పోయింది. పాత మంత్రాలు 'లెగసీ' అనే ముద్రతో షీట్లలో ఉండిపోయాయి. విచిత్రం ఏమిటంటే, ఆ గొడవకు రెండు నెలల ముందే అదే కంపెనీ ఆట యాభై ఏళ్ళ పండగకని 500 పేజీలు దాటిన ఒక పుస్తకం వేసింది. 1973లో గైగాక్స్ తయారుచేసిన చిత్తుప్రతి, 1974 నాటి మూడు చిన్న పుస్తకాలు అందులో ఉన్నాయి. ఇప్పుడు అందులోని రూల్సుతో ఆట మొదలుపెట్టాలన్నా ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు.