మంచుకొండ మీద జప్తు

1858 డిసెంబరు 7న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఇద్దరు మనుషులు మౌంట్ వాషింగ్టన్ ఎక్కారు. ఒకరు లూసియస్ హార్ట్‌షార్న్, అక్కడి డిప్యూటీ షెరీఫ్. ఇంకొకరు బెంజమిన్ ఓస్‌గుడ్, కొండ కింద గ్లెన్ హౌస్ హోటల్లో గైడు. చలికాలపు మంచులో ఆ శిఖరం చేరినట్టు రికార్డుల్లో దొరికే మొదటి జంట ఇదే. అంత చలిలో ఎందుకెక్కారయ్యా అంటే సరదాకీ కాదు, పేరుకీ కాదు. జప్తుకి! శిఖరం మీది ఆస్తి గురించి కోర్టులో వ్యాజ్యం నడుస్తోంది. అక్కడి సామాను జప్తు చేసే పని షెరీఫు నెత్తిన పడింది. అమీనాకి రుతువులతో పనేముంది?

అప్పటికే శిఖరం మీద రెండు రాతి కట్టడాలున్నాయి. 1852 నాటి సమ్మిట్ హౌస్, 1853 నాటి టిప్ టాప్ హౌస్. వేసవిలో గుర్రాల మీద వచ్చే షికారు జనం కోసం కట్టినవి కాబట్టి చలి మొదలయ్యేసరికి వాటికి తాళాలు పడేవి. హార్ట్‌షార్న్, ఓస్‌గుడ్ కిటికీ గుండా లోపలికి దూరారు. అద్దాల మీద మంచు అడుగున్నర మందాన పేరుకుంది. దీపం వెలిగిస్తే తప్ప పట్టపగలు కూడా లోపల కాలు కదపలేకపోయారు. పని ముగించుకుని బయటికొచ్చేసరికి దూరాన మంచుమేఘం ఒకటి పక్క కొండల్ని మింగుతూ వస్తోంది. వాళ్లు కిందనున్న అడవి అంచుకు చేరారో లేదో, అది వచ్చి కమ్మేసింది. ఇంకో అరగంట పైనే ఉండి ఉంటే జప్తు కాగితంతో పాటు వాళ్లిద్దరూ గల్లంతయ్యేవాళ్లే.

ఈ కొండ ఎత్తు 6,288 అడుగులు, అంటే 1,917 మీటర్లు. హిమాలయాల లెక్కలో ఇది ఒక ఎత్తే కాదు. అయినా ఎక్కేవాళ్లు దీన్ని తక్కువగా చూడరు. ఈశాన్య అమెరికా మీదుగా పోయే తుపాను దారులు చాలావరకు ఈ చుట్టుపక్కలే కలుస్తాయి. పైగా ఉత్తర దక్షిణాలుగా సాగిన ఈ కొండల వరుస పడమటి గాలికి అడ్డంగా నిలబడుతుంది. ఎదురొచ్చిన గాలి పైకెగబాకుతూ నొక్కుకుపోయి, వేగం పుంజుకుని శిఖరాన్ని దాటుతుంది. 1934 ఏప్రిల్ 12న శిఖరం మీది అబ్జర్వేటరీ సిబ్బంది గంటకు 231 మైళ్ల గాలిని నమోదు చేశారు. కిలోమీటర్లలో 372. ఆస్ట్రేలియాలోని బారో ద్వీపంలో 1996లో ఒక ఆటోమేటిక్ యంత్రం దాన్ని మించిన వేగాన్ని పట్టుకునేదాకా ప్రపంచ రికార్డు అదే. దగ్గరుండి మనుషులు కొలిచిన వాటిలో నేటికీ అదే పెద్దది.

షెరీఫు తర్వాత పనిమీద వచ్చినవాళ్లు వాతావరణ శాస్త్రం కోసం వచ్చారు. జాషువా హంటింగ్టన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడికి చలికాలమంతా శిఖరం మీదే ఉండి లెక్కలు రాయాలని పట్టుదల. తీరా చూస్తే శిఖరం మీది ఆ హోటళ్లలో చోటు దొరకలేదు. దాంతో 1870 తొలి నెలల్లో ఎ.ఎఫ్. క్లఫ్ అనే ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని అదే రాష్ట్రంలోని మూసిలాకీ కొండ మీద కాపురం పెట్టాడు. ఆ రిహార్సలు కలిసొచ్చింది. అదే ఏడాది నవంబరులో మౌంట్ వాషింగ్టన్ ఎక్కి, కొత్తగా వచ్చిన పళ్లచక్రాల రైలు స్టేషను గదిలో మకాం వేశాడు. కిందికి టెలిగ్రాఫ్ తీగ లాగారు. మర్నాడు గాలి ఎలా ఉండబోతోందో చెప్పడానికి పనికొచ్చే కబుర్లు ఆ తీగ మీద నడిచాయి. మంచు ఇక్కడ ప్రజలకు పనికొచ్చే వార్తగా మారింది అప్పుడే.

ఈ కొండ నేర్పిన చేదు పాఠం మాత్రం చలికాలానిది కాదు. 1900 జూన్ 30న విలియం కర్టిస్, అలన్ ఓర్మ్స్‌బీ అనే నడక అలవాటున్న ఇద్దరు శిఖరం మీద జరిగే కొండల క్లబ్బు సమావేశానికి నడిచి బయల్దేరారు. దారిలో మంచుతుపాను పట్టుకుంది. చివరికి ఇద్దరూ విడిపోయారు, ఇద్దరూ చనిపోయారు. ఓర్మ్స్‌బీ శవం శిఖరానికి కొన్ని వందల అడుగుల దూరంలోనే దొరికింది. సాయం తెద్దామని ముందుకెళ్లి ఉంటాడని అప్పటివాళ్లు అనుకున్నారు. మరుసటి ఏడాదే ఆ దారిలో ఒక ఆశ్రయం కట్టారు.

సరదాకి చలికాలంలో ఎక్కడం 1876లో పుట్టిన అప్పలాచియన్ మౌంటెన్ క్లబ్బుతో ఊపందుకుంది. యాష్ కర్రను వంచి, పచ్చితోలు పట్టీలు అల్లిన స్నోషూలు వాళ్లకి స్థానిక ఆదివాసుల చలవ. తర్వాత కాళ్లకి ఇనప పళ్ల క్రాంపాన్లు, చేతికి ఐస్ యాక్స్ వచ్చాయి.

ఈ సరదాకి కచ్చితమైన నియమం పెట్టినది మాత్రం ఓ ముసలి దంపతులు. భార్య మిరియం 1929లో మగతోడు లేకుండా మరో స్త్రీతో కలిసి ఫ్రాన్స్‌లోని గ్రెపోన్, 1932లో మాటర్‌హార్న్ ఎక్కిన ఘటికురాలు. భర్త రాబర్ట్ అండర్‌హిల్ తాడు విద్యను అమెరికా కొండలకి పరిచయం చేసినవాళ్లలో ముఖ్యుడు. న్యూ హాంప్‌షైర్‌లో 4,000 అడుగులు దాటిన శిఖరాలన్నిటినీ చలికాలంలోనే ఎక్కాలని ఇద్దరూ పూనుకున్నారు. మంచుంటే చాలదు, క్యాలెండరు ప్రకారం డిసెంబరు అయనాంతానికీ మార్చి విషువత్తుకీ మధ్యే ఎక్కాలని నియమం. ఆ లెక్కన చూస్తే డిసెంబరు 7న ఎక్కిన షెరీఫు గారి యాత్ర చెల్లదు! 1960 డిసెంబరు 23న మౌంట్ జెఫర్సన్ మీద వాళ్ల జాబితా పూర్తయింది. మిరియంకి 62, రాబర్ట్‌కి 71. ఆ రోజు చలి సున్నాకి 18 డిగ్రీల ఫారన్‌హీట్ కింద, గాలి గంటకు 72 మైళ్లు. సొంతూరి కొండ మీద సాధించిన ఈ ఘనత ఆల్ప్స్ విజయాలకి ఏమాత్రం తీసిపోదు.

బోస్టన్, నాషువాల చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లకి వేసవిలో ఈ కొండ ఎక్కడానికి కారు రోడ్డూ రైలూ ఉన్నాయి. చలికాలంలో మిగిలింది నడక. అబ్జర్వేటరీవాళ్లు రోజూ తెల్లవారకముందే శిఖరాల వాతావరణ సూచన ఇస్తారు. అది చదవకుండా బయల్దేరవద్దు, ఒక్కరే వెళ్లవద్దు, ఎన్ని గంటలకల్లా వెనుదిరగాలో కింద ఉన్నప్పుడే ఇద్దరూ అనుకోండి. నిర్లక్ష్యంతో చిక్కుకుని రక్షకదళాన్ని పిలిపిస్తే, ఆ ఖర్చు వసూలు చేసుకునే హక్కు న్యూ హాంప్‌షైర్ రాష్ట్రానికి ఉంది.