పట్టుబడిన బుకాయింపు

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున న్యూఆర్లియన్స్ రేవునకు మిసిసిపీ నదిపై రాకపోకలు సాగించిన ఆవిరిపడవలలో, ప్రత్తివర్తకులును, తోటల యజమానులును, వృత్తిజూదరులును ఒక్క బల్ల చుట్టు చేరి ఆడిన పోకరు నేటి ఆటవంటిది కాదు. పది మొదలు ఆసువరకు ఇరువది ముక్కలు మాత్రమే నిలిపిన కట్టను నలుగురికి ఐదేసి చొప్పున పంచగా, మార్చుకొనుటకు ఒక్క ముక్కయు మిగులని ఆ ఆటలో, చేయదగినది పందెము పెంచుటయో, కలుపుటయో, ముక్కలు పారవేసి తప్పుకొనుటయో మాత్రమే గనుక, చేతిలో లేని బలమును ఎదుటివానికి నమ్మించు బుకాయింపే దానికి ప్రాణమయ్యెను. 1829లో అట్టి పడవ ప్రయాణమున తాను చూచిన ఆటను ఆంగ్లనటుడు జోసెఫ్ కావెల్ 1844లో వెలువడిన తన స్మృతులలో వర్ణించినాడు.

ఏబదిరెండు ముక్కల కట్టయు, ముక్కలు మార్చుకొను పద్ధతియు క్రమముగా స్థిరపడినను, బుకాయింపునకు పట్టిన అపఖ్యాతి చాలకాలము వదలలేదు. ఆ పడవలపై గుర్తులు పెట్టిన ముక్కలతో అమాయకులను దోచిన మోసగాండ్రు నిజముగనే ఉండుటచే, జనులు మోసమును, బుకాయింపును ఒక్కటిగనే ఎంచిరి. మోసగాడు ముక్కలను మార్చును. బుకాయించువాడు నియమమునకు లోబడి, తన సొమ్మునే ఒడ్డి, ఎదుటివాని నిర్ణయమును మాత్రమే మార్పజూచును. బుకాయింపు ఆటలో యుక్తమైన భాగమని శాస్త్రరీతిని నిరూపించిన గౌరవము హంగరీదేశపు గణితజ్ఞుడు జాన్ వాన్ నాయ్‌మన్‌కు దక్కినది. 1928లో క్రీడలను గూర్చిన సిద్ధాంతమునకు పునాది వేసి, 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి ప్రకటించిన మహాగ్రంథమున పోకరునకు ప్రత్యేకముగా చోటిచ్చిన ఆ మహామేధావి, బుకాయింపునకు రెండు ప్రయోజనములున్నవని చూపెను: బలహీనుడు బలవంతునివలె కనబడి గెలుచుట మొదటిది, అప్పుడప్పుడు పట్టుబడుటవలన, నిజముగా బలమున్ననాడు ఎదుటివాడు శంకించి పందెము కలుపునట్లు చేయుట రెండవది. ఎన్నడును బుకాయింపనివాని మంచిచేతికి ఎవరును సొమ్ము చెల్లింపరు గదా!

లెక్కయు సులభమే. బల్లపై నూరు పోగైయుండగా చివరి పందెముగా మరి నూరు ఒడ్డి బుకాయించినచో, రెండు మారులలో ఒకమారు ఎదుటివాడు తప్పుకొన్నను నష్టము లేదు. అనగా సగము మారులు పట్టుబడియు ఆ పని తప్పు కాకపోవచ్చును.

అయితే 1970లో లాస్‌వేగాస్ నగరమున బెన్నీ బినియన్ తన హార్స్‌షూ జూదశాలలో ప్రారంభించిన ప్రపంచ పోకరు పోటీ, మరుసటి యేటినుండి చిప్పులు అయిపోయినవాడు నిష్క్రమించు పద్ధతికి మారుటతో, ఈ లెక్క మరింత కఠినమైనది. సాధారణమైన ఆటలో నేడు పట్టుబడి పోగొట్టుకొన్నది రేపటి మంచిచేతికి పెట్టుబడి కావచ్చును. చిప్పులన్నియు ఒడ్డి ఓడి పోటీనుండి లేచిపోయినవానికి ఆ రేపు లేదు.

1990 ప్రపంచవిజేత మన్సూర్ మత్లూబీకిని, 1980, 1981 సంవత్సరముల విజేత స్టూ అంగర్‌కును నడుమ, ఒకరి సొమ్ము పూర్తిగా అంతరించువరకు సాగిన ద్వంద్వక్రీడలోని ఒక చేయి ఈ విషయమున గొప్ప పాఠము. ఇరువురికిని ఉమ్మడియైన ముక్కలుగా బల్లపై మొదట రెండు మూళ్లును, ఒక ఏడును పడెను. అంగర్ వేసిన పందెమును మత్లూబీ కలిపినాడు. నాలుగవ ముక్కగా రాజు వచ్చినప్పుడు ఇరువురును పందెము వేయక ఊరకుండిరి. అయిదవది రాణి. అంగర్ మరల ఊరకుండగా, చేతిలో నాలుగు, అయిదు మాత్రమే యున్న మత్లూబీ, పోగైన మొత్తమునకు సుమారు రెండింతలగు తన యావత్తు చిప్పులను ముందుకు నెట్టినాడు. అంగర్ చేతిలో ఉన్నవి పదియు తొమ్మిదియు, వానిలో దేనికిని జత పడలేదు. అయినను అతడు కలిపి గెలిచెను.

ఆ సాహసమునకు హేతువు ఆట నడచిన క్రమములోనే యున్నది. మత్లూబీ చేతిలో మూడో, రాజో యున్నచో నాలుగవ ముక్క పడినప్పుడు ఊరకుండుట అసంగతము. చివరి పందెము చెప్పిన కథకు అంతకు ముందరి మౌనము సాక్ష్యమీయలేదు. ఆటంతటికిని తగిన కారణకార్యక్రమము లేని బుకాయింపును ఎంత పెద్ద పందెమైనను కాపాడలేదు.

కావున మూల్యము చెల్లించి పట్టుబడినవాడు, తన ధైర్యమును నిందించుకొనుటకంటె, నిజముగా ఆ మంచిచేయి యున్నచో ప్రతి ఘట్టమునను ఇట్లే ఆడియుందునా అని ప్రశ్నించుకొనుట మేలు. సమాధానము అవునైనచో ఓటమి కేవలము వ్యయము. కాదైనచో, ఆ దినము గెలిచియున్నను ఆట తప్పే. ఫలితమునుబట్టి గాక, ముక్కలు తిరుగవేయక మునుపు చేసిన ఆలోచననుబట్టి తన్ను తాను తూచుకొను ఈ నిష్ఠయే, ఆవిరిపడవల జూదమునుండి పోకరు ఒక విద్యగా ఎదుగుటకు కారణమైనది.