నలభై మంది

అది 1794 జూలై 10. ఆషాఢ మాసం, వరి నాట్లు పడే ఉభాల రోజులు. పద్మనాభం కొండ కింద తెల్లవారుజామున మొదలైన యుద్ధం ముప్పావు గంటలో ముగిసింది. రైతు అరక కట్టే వేళకు అంతా అయిపోయింది. ఈస్టిండియా కంపెనీ వేసిన లెక్క ప్రకారం విజయనగరం వైపు పడినవాళ్లు 309 మంది. అందులో రాచవారు 208. రాజు చిన విజయరామరాజు శవాన్ని ఆనుకునే నలభై శవాలున్నాయట.

రాజు పేరు చరిత్రలో ఉంది. ఆ నలభై మందిలో సర్దార్ల పేర్లు ఏ దస్తావేజులోనో ఉండొచ్చు. నెల జీతానికి బల్లెం పట్టి, పొద్దున్నే చోడి అంబలి తాగి వచ్చిన కుర్రవాడి పేరు ఎవరు రాస్తారు? నా ధ్యాస ఎప్పుడూ అతని మీదికే పోతుంది.

అసలు రాజు అక్కడిదాకా ఎలా వచ్చాడో చెప్పాలంటే బొబ్బిలి దగ్గర మొదలుపెట్టాలి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుపోయి విజయనగరం రాజు పెద విజయరామరాజు ఆ కోటను నేలమట్టం చేయించాడు. కొద్దిరోజులకే సొంత గుడారంలో బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. వద్దన్నా వినక పోయిన అన్న తిరిగి రాలేదని చెల్లెలు పైడిమాంబ పెద్దచెరువులో కలిసిపోయిందనీ, ఏటా సిరిమాను కట్టించుకునే పైడితల్లి ఆవిడేననీ విజయనగరం నమ్మకం. బొబ్బిలికి బుర్రకథ దక్కింది, 1964లో సినిమా కూడా దక్కింది. ముప్పై ఏడేళ్ల తర్వాత గెలిచిన ఇంటికి పట్టిన గతి మాత్రం అంతగా ఎవరి నోటా నానలేదు. గెలిచినవాడు ఓడితే జనానికి జాలి తక్కువ కాబోలు.

పెద విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ల మీద కోపంతో ఇంగ్లీషువాళ్లకు కబురంపాడు. కంపెనీ తరఫున క్లైవు సైన్యమిచ్చి ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. చెయ్యిపట్టుకుని నట్టింట్లోకి తెచ్చుకున్నది మనమేనన్న మాట ఇక్కడ దాచిపెట్టడం అన్యాయం.

1760లో ఆనందరాజు పోయాడు. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి దత్తు తీసుకుని, పాపారాయుడి చేతిలో చచ్చిన రాజు పేరే పెట్టి గద్దెనెక్కించారు. పేరు ఆ పిల్లవాడిది, పెత్తనం అన్న సీతారామరాజుది. దివానుగా అతను జమీందార్లను అణిచాడు, మద్రాసు దొరలను మంచి చేసుకున్నాడు. తమ్ముడు ఏళ్ల తరబడి ఆ నీడలోనే ఉండిపోయాడు. ఎదిరించడానికి గుండె చాలలేదు, ఊరుకోవడానికి మనసొప్పలేదు. చివరికి కంపెనీయే సీతారామరాజును పింఛనిచ్చి మద్రాసులో కూర్చోబెట్టింది. నీడ తొలగితే వెలుగు వస్తుందనుకుంటాం. ఇక్కడ బాకీల చిట్టా బయటికొచ్చింది.

కంపెనీకి ఏటా కట్టాల్సిన కప్పం, పేష్కషు, బాకీ ఎనిమిదిన్నర లక్షలన్నారు. అంత సైన్యం నీకెందుకు, తీసెయ్యమన్నారు. 1793 ఆగస్టులో జమీను స్వాధీనం చేసుకున్నారు. నెలకు 1200 రూపాయలిస్తాం, మచిలీపట్నం వెళ్లి ఉండమన్నారు. గజపతి బిరుదున్న ఇంటివాడికి అది మనోవర్తి లాంటిది. వస్తాను, వెళ్తాను అంటూ రోజులు గడిపాడు. బయల్దేరి, భీమిలి దారిలో పద్మనాభం దగ్గర ఆగిపోయాడు. ముందుకు పోతే మచిలీపట్నం, వెనక్కి పోతే కంపెనీ పటాలం కూర్చున్న సొంత ఊరు.

దాన్ని తిరుగుబాటు అంటారు. నాకైతే అలా అనిపించదు. తిరగబడేవాడు కోటలో ఉంటాడు, లేదా కొండెక్కుతాడు. ఈయన కొండ కింద మైదానంలో కూర్చున్నాడు. ఆ కూర్చున్నవాడి చుట్టూ జనం చేరారు. తీసెయ్యమన్న సైన్యమే నాలుగు వేలదాకా పోగైంది. వెళ్లిపొమ్మంటే వెళ్లిపోని మనుషులు వాళ్లు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలతో వచ్చి పడేసరికి రాజు ఇంకా అక్కడే ఉన్నాడు. ఎటు పోవాలో అప్పటిదాకా తేలని మనిషికి ఆ పూట తేలిపోయింది. తుపాకి గుండు తగిలి పడిపోయాడు.

కంపెనీ వైపు చచ్చినవాళ్లు 13 మంది, గాయపడ్డవాళ్లు 61 మంది. వాళ్లూ ఈ దేశపు సిపాయిలే. క్లైవు మద్రాసు నుంచి తీసుకుపోయిన సిపాయిలను చూసి బెంగాలులో సిపాయిని తిలంగా, అంటే తెలుగువాడు, అనడమే అలవాటైంది. పద్మనాభం దగ్గర చావుకేక ఏ వైపు నుంచి వచ్చినా "అమ్మా" అనే వినిపించి ఉంటుంది.

రాజు కొడుకు నారాయణబాబు చిన్నవాడు. అతన్ని కొండల్లోకి దాటించి మన్యం జమీందార్లు కాపాడుకున్నారు. ఆ కొండలకు జడిసే కంపెనీ రాజీకి దిగింది, పాత జమీలో కొంత కోసేసి, ఏటా ఆరు లక్షల పేష్కషు మీద మిగతాది తిరిగిచ్చింది. అతను కూడా చివరికి అప్పుల్లో మునిగి, 1845లో కాశీలో కన్నుమూశాడు.

రాజుగారు కంపెనీకి ఎంత బాకీయో కాగితాల్లో లక్షలతో సహా ఉంది. ఆ కుర్రవాడికి రాజుగారు ఎన్ని నెలల జీతం బాకీయో, ఆ ఆషాఢంలో అతని ఇంట్లో ఉభాలు ఎవరు వేశారో ఎవరూ లెక్క రాయలేదు.