కందెన నుంచి ఇంజన్ ఆయిల్ దాకా: కోనసీమ వాహనదారునికి ఒక చరిత్ర పాఠం

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• బండి ఇరుసు కందెన నుంచి నేటి ఇంజన్ ఆయిల్ వరకు జరిగిన మార్పును వివరించగలుగుతారు.
• ఆయిల్ డబ్బా మీది అక్షరాలు, అంకెలు ఎప్పుడు, ఎందుకు పుట్టాయో చెప్పగలుగుతారు.
• వాహన మాన్యువల్‌ను ఒక చారిత్రక ఆధారంలా చదివి, మీ బండికి తగిన ఆయిల్‌ను, మార్చవలసిన గడువును మీరే నిర్ణయించుకోగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు మాత్రమే కాదని గత పాఠాల్లో చదివారు. మీరు రోజూ వాడే వస్తువులకూ చరిత్ర ఉంటుంది. అమలాపురంలోనో, కొత్తపేటలోనో మీ మోటార్‌సైకిల్‌ను మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లారనుకోండి. మాన్యువల్ ఒక గడువు చెబుతుంది, మెకానిక్ అందులో సగం చెబుతాడు. ఆయిల్ అమ్మే దుకాణదారుడు మరో రకం డబ్బా చేతికిస్తాడు. ఎవరి మాట వినాలి?

చరిత్ర విద్యార్థికి ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. ఒకే విషయం మీద మూడు ఆధారాలు మూడు మాటలు చెప్పినప్పుడు ఏం చేయాలో మీకు తెలుసు. ప్రతి ఆధారాన్నీ ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం, ఏ పరిస్థితులను దృష్టిలో పెట్టుకొని తయారు చేశారో అడగాలి. ఈ పాఠంలో ఆ పద్ధతినే ఇంజన్ ఆయిల్‌కు వర్తింపజేద్దాం.

2. కాలువ, పడవ, ఎడ్లబండి

గౌతమి, వశిష్ఠ పాయల మధ్య, సముద్రం అంచున ఉన్న డెల్టా భూమి కోనసీమ. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1852లో పూర్తయింది. దాని నుంచి తీసిన కాలువలు పొలాలకు నీటిని, పడవలకు దారిని ఇచ్చాయి. వశిష్ఠకు చెందిన ఒక పాయ మీదుగా రాజోలు వైపు నీటిని తీసుకెళ్లిన గన్నవరం అక్విడక్టు కూడా 1850 దశకం నాటిదే. ధాన్యం, కొబ్బరి పడవల్లో సాగాయి. తెరచాపతోనో, గెడతోనో, గట్టు మీద మనుషులు తాడుతో లాగుతుండగానో నడిచే ఆ పడవలకు ఇంజన్ లేదు.

కందెన అవసరం ఎడ్లబండికి ఉండేది. ఆముదంలో గడ్డి కాల్చిన మసిని కలిపి ఇరుసుకు పూసేవారు. నేటి పాఠశాల విజ్ఞానశాస్త్ర పుస్తకాల్లో ‘కందెనలు’ అన్న మాట ఆ బండి నుంచే వచ్చింది. ఇరుసుకు ఎప్పుడు కందెన పెట్టాలన్న దానికి ముద్రించిన గడువు లేదు. చక్రం కిర్రుమన్నా, బరువు ఎక్కువైనా, వానలో తడిసినా బండివాడు పెట్టేవాడు. అంటే నిర్ణయం వాడకాన్ని బట్టి ఉండేది. ఈ విషయాన్ని గుర్తు పెట్టుకోండి, పాఠం చివరలో దీనితో పని ఉంది.

3. ఆముదం నుంచి ఖనిజ తైలం

ఆముదం మన ఊళ్లకే పరిమితమైన కందెన కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు యుద్ధవిమానాల్లో చాలా వాటి ఇంజన్లకు ఆముదమే వాడారు. అది లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటుంది, పెట్రోల్‌లో తేలికగా కరగదు. ‘క్యాస్ట్రాల్’ అన్న ప్రసిద్ధ పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచి పుట్టిందే. అయితే ఆముదం వేడికి గాలితో కలిసి జిగురుగా మారుతుంది. పిస్టన్ రింగులు దానిలో అతుక్కుపోతాయి. ఎక్కువ కాలం, ఎక్కువ వేడి మీద తిరిగే ఇంజన్లు వచ్చేకొద్దీ అది వెనకబడింది.

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో తవ్విన డ్రేక్ బావి తరువాత ఖనిజ తైలం పరిశ్రమగా పెరిగింది. భారతదేశంలో అస్సాంలోని డిగ్బోయ్‌లో 1901లో రిఫైనరీ మొదలైంది. మన రాష్ట్రంలో విశాఖపట్నం రిఫైనరీ 1957లో కాల్టెక్స్ సంస్థ చేతుల్లో ప్రారంభమై, 1970 దశకంలో జాతీయమై హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఇండియన్ ఆయిల్ ‘సర్వో’ కందెనలను 1972లో తెచ్చింది. అంతకు ముందు విదేశీ కంపెనీల పేర్లే రాజ్యమేలిన ఈ మార్కెట్లో ప్రభుత్వ రంగం నిలదొక్కుకున్న దశాబ్దం అది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. రాజోలు ప్రాంతంలో ఓఎన్‌జీసీ 1980 దశకం నుంచి సహజవాయువు, చమురు నిక్షేపాల మీద పని చేస్తోంది. తాటిపాకలో ఒక చిన్న రిఫైనరీ కూడా ఉంది. అయినా మీ బండిలో పోసే ఆయిల్ అక్కడ తయారయ్యేది కాదు. కందెనకు మూలమైన బేస్ ఆయిల్‌కు ప్రత్యేక యూనిట్లు కావాలి. అవి ముంబై, చెన్నై, హల్దియా వంటి చోట్ల ఉన్న పెద్ద రిఫైనరీల్లో ఉన్నాయి.

4. డబ్బా మీది అక్షరాల చరిత్ర

మీ ఇంట్లో ఉన్న ఆయిల్ డబ్బాను ఒకసారి చూడండి. దాని మీద మూడు రకాల గుర్తులు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్క కాలపు సమస్యకు జవాబుగా పుట్టింది.

మొదటిది ఎస్‌ఏఈ అంకె. ఎవరికి తోచిన పేరుతో వారు ఆయిల్ అమ్ముతున్న రోజుల్లో, 1911లో, అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం చిక్కదనాన్ని బట్టి ఆయిళ్లను వర్గీకరించింది. తరువాత చలి దేశాల అవసరం కోసం ‘డబ్ల్యూ’ అన్న అక్షరం చేరింది. అది శీతకాలానికి గుర్తు. 10డబ్ల్యూ–30 అంటే, మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. రెండో అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర దాని చిక్కదనాన్ని చెబుతుంది. మంచు కురవని కోనసీమలో మొదటి అంకె మీద పెద్ద తగాదా అక్కర్లేదు. రెండో అంకెను మాత్రం మీ ఇష్టానికి మార్చవద్దు. ఇంజన్ భాగాల మధ్య సందును బట్టి కంపెనీ దానిని నిర్ణయించింది.

రెండోది ఏపీఐ అక్షరాలు. అమెరికా పెట్రోలియం సంస్థ 1947లో మొదలుపెట్టిన ఈ వర్గీకరణ పలుమార్లు మారింది. ఇప్పటి పద్ధతిలో ‘ఎస్’తో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజన్లకు, ‘సి’తో మొదలయ్యేవి డీజిల్ ఇంజన్లకు. ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. అక్షరక్రమంలో ముందుకు వెళ్లేకొద్దీ ప్రమాణం కొత్తదన్న మాట.

మూడోది జాసో గుర్తు. కార్ల మైలేజీ పెంచడానికి ఆయిళ్లలో జారుడు గుణాన్ని పెంచారు. మోటార్‌సైకిల్‌లో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి అక్కడ ఆ గుణమే దోషమై, క్లచ్ జారసాగింది. అందుకే జపాన్‌లో 1990 దశకం చివర ఈ ప్రమాణం పుట్టింది. గేర్లున్న మోటార్‌సైకిల్‌కు ‘ఎంఏ’ రకం వాడాలి. క్లచ్ ఆయిల్‌లో మునగని గేర్‌లెస్ స్కూటర్లకు ‘ఎంబీ’ రకం సరిపోతుంది. ‘కారు ఆయిల్ ఖరీదైనది కాబట్టి బైకుకు ఇంకా మంచిది’ అన్న మాట ఎందుకు తప్పో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

5. టూ–స్ట్రోక్ నుంచి ఫోర్–స్ట్రోక్

కోనసీమ చాలాకాలం పంటుల మీద ఆధారపడిన సీమ. నేటికీ కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం రేవుల పేర్లు చెప్పగానే పంటు గుర్తుకొస్తుంది. కొబ్బరి వ్యాపారికైనా, బడిపంతులుకైనా ద్విచక్ర వాహనం వచ్చాక ఊరికీ ఊరికీ మధ్య దూరం తగ్గింది.

మొదటి తరం బండ్లు రాజ్‌దూత్, యెజ్డీ, 1972లో వచ్చిన బజాజ్ చేతక్ వంటివి టూ–స్ట్రోక్ బండ్లు. వాటిలో ఆయిల్‌ను కొలిచి పెట్రోల్‌లోనే కలిపేవారు. అది పెట్రోల్‌తో పాటు కాలిపోయేది. గేర్ బాక్సు నూనె మాట అటుంచితే, ‘ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి’ అన్న ప్రశ్నే ఆ బండ్లకు లేదు. 1985లో హీరో హోండా సీడీ 100తో, 1994లో స్ప్లెండర్‌తో ఫోర్–స్ట్రోక్ బండ్లు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. వీటిలో ఆయిల్ ఇంజన్ అడుగున ఉండి, మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఇందులో ఆయిల్ కాలిపోదు, పాతబడుతుంది. గడువు అన్న ప్రశ్న మన ఇళ్లలోకి వచ్చింది అప్పుడే.

6. గడువు అంకె ఎలా మారింది

1920 దశకం నాటి కార్లలో వెయ్యి మైళ్ల లోపే, అంటే సుమారు 1,600 కిలోమీటర్లకే ఆయిల్ మార్చవలసి వచ్చేది. ఆయిల్ ఫిల్టర్ అప్పుడప్పుడే వస్తోంది. 1930 దశకంలో డీజిల్ ఇంజన్ల కోసం మసిని పట్టి ఉంచే మందులను ఆయిల్‌లో కలపడం మొదలైంది. 1940 దశకంలో అరుగుదలను ఆపే మందులు చేరాయి. ఫిల్టర్, మందులు, సింథటిక్ బేస్ ఆయిల్, శుభ్రమైన ఇంధనం ఒకదాని తరువాత ఒకటి చేరుతూ గడువును పెంచుతూ వచ్చాయి. అమెరికాలో చాలాకాలం చెలామణి అయిన 3,000 మైళ్ల లెక్క సుమారు 4,800 కిలోమీటర్లు. నేటి కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంటుంది.

అంటే గడువు అంకె ప్రకృతి సూత్రం కాదు. ఒక కాలపు ఇంజన్, ఒక కాలపు ఆయిల్, ఒక రకం రోడ్డు కలిసి ఇచ్చిన ఫలితం అది. మెకానిక్ చెప్పే తక్కువ గడువు చాలాసార్లు పాత తరం ఆయిల్ నాటి అనుభవం. అది అబద్ధం కాదు, కాలం చెల్లిన నిజం. మరోవైపు, నిర్వహణ ఖర్చు తక్కువని చూపించుకోవడం వాహన కంపెనీకీ లాభమే. తరచూ మార్పించడం అమ్మేవాడికి లాభం. ఆధారాన్ని పరిశీలించేటప్పుడు రెండు వైపులా ఉన్న ప్రయోజనాన్ని చూడాలి.

7. మాన్యువల్‌ను కోనసీమలో చదవడం

మాన్యువల్‌లో పెద్ద అక్షరాల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ‘కఠిన పరిస్థితుల్లో మరింత ముందుగా మార్చండి’ అని సాధారణంగా ఉంటుంది. చిన్న దూరాలు, దుమ్ము, అధిక భారం, ఆగుతూ సాగే ప్రయాణం కఠిన పరిస్థితులే. కాలువ గట్ల రోడ్ల మీద, సంతల మధ్య, తేమ నిండిన గాలిలో నడిచే మన బండ్లలో చాలావాటికి ఈ చిన్న అక్షరాలే వర్తిస్తాయి.

రెండు ఉదాహరణలు తీసుకుందాం. మాన్యువల్‌లో 6,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉందనుకోండి.

ఒక విద్యార్థిని స్కూటర్ మీద రోజుకు 6 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరుగుతుంది. మొత్తం 1,800 కిలోమీటర్లు. కిలోమీటర్ల లెక్కే చూస్తే మూడేళ్లు దాటుతుంది. కాని చిన్న ప్రయాణంలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, పెట్రోల్ ఆవిరై పోవు. ఆమె పాటించవలసింది ఏడాది గడువు. వీలైతే ఇంకా ముందే మార్చడం మంచిది.

ఒక యువకుడు అంబాజీపేట నుంచి రోజుకు 100 కిలోమీటర్లు బరువుతో తిరుగుతాడు. అతనికి 6,000 కిలోమీటర్లు 60 రోజుల్లో పూర్తవుతాయి. అతనికి క్యాలెండర్ అక్కర్లేదు, మీటరే గడువు. భారం ఎక్కువ కాబట్టి మాన్యువల్‌లోని కఠిన పరిస్థితుల అంకెను తీసుకోవాలి. మధ్యలో మట్టం చూసుకోవడం తప్పనిసరి. పాత ఇంజన్ కొంత ఆయిల్ తాగుతుంది. మట్టం పడిపోతే పిస్టన్ పట్టేసి, బోరు చేయించే ఖర్చు మీద పడుతుంది. కుటుంబం ఆ బండి మీదే బతుకుతుంటే, ఆ కొన్ని రోజుల కూలి కూడా పోతుంది.

రంగును చూసి తొందరపడకండి. ఆయిల్ నల్లబడటం మసిని పట్టి ఉంచుతోందనడానికి గుర్తు. పాలలా తెల్లబడితే మాత్రం నీరు చేరిందన్న మాట. లంక గ్రామాల వారికి ఇది ముఖ్యం. 1986, 2022 వంటి గోదావరి వరదల్లో బండి ఇంజన్ మునిగితే స్టార్ట్ చేయవద్దు. ముందు ఆయిల్ తీయించి, కొత్తది పోయించి, కొద్దిగా నడిపాక మళ్లీ మార్పించాలి.

కొన్నప్పుడు బిల్లు తీసుకోండి, మీటరు అంకెను దాని మీద రాయండి. వారంటీకి అదే సాక్ష్యం. ఖాళీ డబ్బాను చిల్లు పొడిచి పడేయండి, నకిలీ ఆయిల్ నింపేవారికి దొరకకుండా.

8. పాత ఆయిల్, కాలువ నీరు

బండి ఇరుసు కందెన నేలలో కలిసిపోయేది. వాడిన ఇంజన్ ఆయిల్‌లో లోహపు పొడి, విషపదార్థాలు ఉంటాయి. కోనసీమలో కాలువ నీరు పొలానికే కాదు, చాలా ఊళ్లలో మంచినీటి చెరువుకూ పోతుంది. షెడ్డు వెనక కాలువలో పారబోసిన ఆయిల్ కింది ఊరి బిందెలోకి చేరే దారి ఉంది. మన చట్టంలో వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. దానిని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి తయారీదారుల మీద కూడా పెట్టారు. తీసిన ఆయిల్‌ను ఎవరికి ఇస్తున్నారో మీ మెకానిక్‌ను అడగండి. తక్కువ గడువుకు అనవసరంగా మార్చిన ప్రతిసారీ ఈ వ్యర్థం కూడా పెరుగుతుందని గుర్తించండి.

9. సారాంశం

బండివాడు కందెనను వాడకాన్ని బట్టి పెట్టాడు. పరిశ్రమ ఆ నిర్ణయాన్ని అంకెలుగా, అక్షరాలుగా డబ్బా మీదికి చేర్చింది. ఆ అంకెలను గుడ్డిగా నమ్మడం, పూర్తిగా తోసిపుచ్చడం రెండూ సరికావు. చిక్కదనం, ప్రమాణం మాన్యువల్ ప్రకారం ఎంచుకోండి. గడువును మీ దూరం, భారం, దారిని బట్టి మాన్యువల్‌లోని రెండు అంకెల్లో ఒకటిగా నిర్ణయించుకోండి.

10. మాదిరి ప్రశ్నలు

1. ఆముదం ఇంజన్ కందెనగా ఎందుకు వెనకబడింది?
2. ఎస్‌ఏఈ, ఏపీఐ, జాసో గుర్తులు ఏయే సమస్యలకు జవాబుగా పుట్టాయో రాయండి.
3. ‘ఆయిల్ మార్పు గడువు ఒక చారిత్రక ఫలితం’ – చర్చించండి.
4. మీ ఇంటి వాహనం మాన్యువల్‌ను, మీ ఊరి మెకానిక్ మాటను రెండు ఆధారాలుగా తీసుకొని పోల్చి, మీ నిర్ణయాన్ని కారణాలతో ఒక పేజీలో రాయండి.