జాకర్లీ

జాకర్లీ అమెరికన్ నటుడు జాన్ జాకర్లీ (1918–2016) టెలివిజన్‌లో పోషించిన భయానక హాస్యపాత్ర. ఫిలడెల్ఫియాలో జన్మించిన జాన్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం చదివి, రెండవ ప్రపంచయుద్ధంలో సైనికుడిగా పనిచేశాక స్థానిక నాటక బృందంలో చేరాడు.

1957 అక్టోబరులో ఫిలడెల్ఫియాలోని డబ్ల్యూసీఏయూ టీవీ కేంద్రం ప్రసారం చేసిన, పాత భయానక చిత్రాలు చూపే ‘షాక్ థియేటర్’ కార్యక్రమంలో ఈ పాత్ర ‘రోలాండ్’ పేరుతో మొదలైంది. 1958లో న్యూయార్క్‌కు మారాక ‘జాకర్లీ’గా స్థిరపడింది. పొడవాటి నల్లకోటు, పాలిపోయిన ముఖం, గంభీరమైన నవ్వు దీని ఆహార్య వాచికాలు. నేలమాళిగను తలపించే రంగాలంకరణలో, శవపేటికలోని అదృశ్య భార్యతో మాట్లాడుతూ, ఆ చిత్రాల మధ్యలో ప్రవేశించి హాస్యం పండించడం దీని ప్రత్యేకత.

లిమరిక్కులతో (ఐదు పాదాల హాస్యపద్యాలతో) కూర్చి, జాకర్లీ పాడిన ‘డిన్నర్ విత్ డ్రాక్’ (1958) గీతం బిల్‌బోర్డ్ పట్టికలో 6వ స్థానానికి చేరింది. 1960లో జాకర్లీ పేరుతో రెండు భయానక కథా సంకలనాలు వెలువడ్డాయి. బీభత్స, హాస్య రసాలను మేళవించిన ఈ పాత్ర అమెరికాలో తర్వాతి భయానక చిత్ర వ్యాఖ్యాతలకు మార్గదర్శకమైంది. జాన్ జాకర్లీ 2016 అక్టోబరు 27న మరణించాడు.